పాత మోటారు పడవను కొనబోవు సోదరీమణులకు



గత మాసమున ధర్మవరమునుండి ఒక సోదరి మాకు లేఖ వ్రాసియున్నారు. ఆమె అక్కగారు హిందూపురమునను, తోడికోడలు పెనుకొండయందును కాపురమున్నారు. ఈ మూడు కుటుంబములును కలిసి ఒక పాత మోటారు పడవను కొనదలచినారట. కార్తికమాసమున గోదావరిపై పాపికొండలకు పోవుటకును, తక్కిన దినములలో మన ప్రాంతపు చెరువులపైనను జలాశయములపైనను పిల్లలతో విహరించుటకును అది పనికివచ్చునని వారి యుద్దేశము. "పడవలో రెండు పడకగదులును వంటగదియు నున్నవి. క్రొత్తగా రంగు వేసినారు. చూడ ముచ్చటగా నున్నది. ఇంటిలో మగవారందరును సరే యన్నారు. సొమ్ము మాత్రము మా మువ్వురి చేతిమీదుగా పోవలసియున్నది. మీరేమందురు?" అని ఆమె ప్రశ్న.

కరవుసీమలో పడవ యేమిటని నవ్వువారు నవ్వవచ్చును. మాకు నవ్వు రాలేదు. ఏలయన, మూడేండ్ల క్రిందట మా బంధువులు కొందరిట్లే ముచ్చటపడి, గోదావరి తీరమునందొక యూరిలో అమ్మకమునకు నిలిపిన పడవను చూచుటకు మమ్మును వెంటబెట్టుకొని పోయిరి. అది ముప్పది అడుగుల ఇనుప పడవ. తెల్లని రంగు, నీలపు అంచు, కిటికీలకు పూలతెరలు, వంటగదిలో తళతళలాడు స్టీలు తొట్టి. ఆడవారమందరమును వంటగదిని చూచి మురిసితిమి. పిల్లలు పై యంతస్తు నెక్కి దిగిరామనిరి. అక్కడికక్కడే బయానా ఇచ్చితిమి. వ్రాతకోత లేమియు లేవు.

తిరిగివచ్చుచుండగా రేవులో వల బాగుచేసికొనుచున్న ఒక ముసలి సరంగు మమ్ము చూచి, "అమ్మగారూ, పడవని నీళ్లల్లో ఉండగా చూసి ఎవరైనా కొంటారా? ఒడ్డుకి లాగించి అడుగు చూడండి" అనెను. అమ్మకమువారు అందుల కిష్టపడలేదు. ఆడవారికి ఈ సంగతులేమి తెలియునని కూడ ననిరి. మా ఖర్చుమీదనే పడవను ఒడ్డునకు లాగించితిమి. పని తెలిసిన మనిషి చిన్న సుత్తితో అడుగురేకును వరుసగా కొట్టుచు పోయెను. ముందుభాగమున ఖంగుమని మ్రోగినది. వెనుక, యంత్రము క్రిందికి వచ్చుసరికి ధ్వని చప్పబడెను. అచ్చట మూడవ దెబ్బకు సుత్తి రేకులోనికి దిగిపోయెను. బొటనవ్రేలు పట్టునంత రంధ్రము! ఆ పడవలో పదునలుగురు పిల్లలను కూర్చుండబెట్టుకొని పోవుటకు మేము సిద్ధపడియుంటిమి. బయానా తిరిగి రాలేదు. పోయినది సొమ్ము మాత్రమేకదా యని ఊరడిల్లితిమి. ఆనాడు నేర్చినదానిని, తరువాత తెలిసినవారి నడిగి తెలిసికొన్నదానిని ఇచ్చట వ్రాయుచున్నాము.

పడవకంటె ముందు నీరు

పడవను చూచుటకు ముందు అది తిరుగవలసిన నీటిని చూడవలెను. పెన్నానది నందికొండల ప్రాంతమున పుట్టి, హిందూపురము చెంత మన రాష్ట్రమును ప్రవేశించును. కాని అందు నీటికంటె ఇసుకను చూచిన దినములే మనకు మెండు. ధర్మవరపు పెద్దచెరువు చిత్రావతి నీటితో నిండునది. క్రియాశక్తి ఒడయరు దానిని కట్టించి, తన తల్లి ధర్మాంబ పేర ఊరిని వెలయించెనని ప్రతీతి. పెన్ననీటిని కాలువ త్రవ్వి పెనుకొండకు తెమ్మని ప్రతాప బుక్కరాయలు జలసూత్ర నిపుణుడగు సింగయభట్టు నాజ్ఞాపించినట్లు 1388 నాటి శాసనమొకటి తెలుపుచున్నది. ఆరువందల యేండ్లు దాటిన పిదప, 2016లో, హంద్రీనీవా కాలువద్వారా కృష్ణానీరు పెనుకొండ చెంతనున్న గొల్లపల్లి జలాశయమునకు చేరెను. ఇంత శ్రమపడి తెచ్చుకొన్న నీరు త్రాగుటకును, పైరులకును, పరిశ్రమలకును ఉద్దేశింపబడినది. ఎత్తిపోసిన నాడు నిండును, పోయని నాడు తరుగును. అట్టి జలాశయములపై అధికారుల అనుమతి లేక సొంత పడవను దింపరాదు. కావున పడవ బేరమునకు పూర్వము అనుమతి దొరకునో దొరకదో విచారించి తెలిసికొనుట మొదటి పని.

రెండవది లోతు. ముప్పది అడుగుల ఇనుప పడవ సాధారణముగా రెండున్నర, మూడడుగుల మేర నీటిలో మునిగియుండును. క్రింద మరి రెండడుగుల నీరైనను లేనియెడల చుక్కానియు, నీటిలో తిరుగు పంకాయు నేలకు తగులును. మన చెరువులలో నీరు తగ్గినపుడు సర్కారుతుమ్మ మొలచును, నీరు వచ్చినపుడు అది మునిగిపోవును. పైకి కనబడని ఆ కొమ్మలే పంకాను విరుచును. తుంగభద్రపై మనవారు నడుపు పుట్టి వెదురుబుట్టవలె గుండ్రముగా, అడుగు చదునుగా నుండుట రాళ్లనడుమ, పలుచని నీటిలో తేలుటకే. మన నీటికి మోటారు పడవయే కావలెనన్నచో, అడుగు చదునుగా నుండి, వెనుక తగిలించుకొను మోటారును అవసరమైనపుడు పైకెత్తుకొన వీలగు చిన్న పడవ మేలు. గోదావరిపై వంటగదితో తిరుగు పెద్ద పడవ మన చెరువునకు సరిపడదు. ఒకే పడవ రెంటికిని పనికివచ్చుననుట, ఒకే రవిక అత్తకును మనుమరాలికిని సరిపోవుననుట వంటిది.

మరియొక చిక్కు. పడవను లారీమీద తెత్తమన్నచో, మన దేశపు నిబంధనల ప్రకారము రోడ్డుమీద వాహనము వెడల్పు 2.6 మీటర్లు మించరాదు. అంతకంటె వెడల్పగు పడవకు ప్రత్యేకానుమతియు, ప్రత్యేకపు లారీయు కావలెను. ఆ ఖర్చును పడవ ధరలో కలిపి చూచుకొనవలెను.

ఎండిన ఏరని చులకన చేయుటయు తగదు. 2021 నవంబరు 19వ తేదీన చెన్నేకొత్తపల్లి మండలములోని వెల్దుర్తి చెంత చిత్రావతి పొంగి పదిమంది నడుమ చిక్కుకొనగా, వైమానిక దళమువారు హెలికాప్టరుతో వచ్చి వారిని రక్షించిరి. వాన పడిన పిదప ఏటిలోనికి ఏ పడవయు దింపరాదు.

ఒడ్డుపైన చూచుట

ధర్మవరపు ఆడుపడుచులకు మేము నేర్పవలసినది లేదు. పట్టుచీరను కొనునపుడు మనము అంచు అందము చూచి ఊరకుందుమా? తిరగవేసి వెనుకవైపు చూతుము. జరీపోగు ఎట్లున్నదో, అతుకెచ్చట నున్నదో చూతుము. హిందూపురపు బజారులో బెల్లమును కొనునపుడు మిక్కిలి తెల్లగా మెరయు దిమ్మను చూచి సందేహింతుము. పడవకును ఇదియే పరీక్ష. అమ్మకమునకు ముందు వేసిన క్రొత్త రంగు అలంకారము కావచ్చును, ముసుగును కావచ్చును. కావున పడవను నీటినుండి పూర్తిగా బయటికి తీయించి అడుగుభాగము చూడనిదే బేరమాడరాదు.

ఇనుప పడవయైనచో రేకు తుప్పుపట్టి ఎంత పలుచబడినదో చూడవలెను. సుత్తిదెబ్బతో కొంత తెలియును. ధ్వనితరంగములతో రేకు మందమును కొలుచు చిన్న పరికరములు నేడున్నవి. వానితో అడుగంతయు చోటచోట కొలిపించినచో సందేహముండదు. ముఖ్యముగా నీటిమట్టపు గీతచుట్టును, యంత్రము క్రిందను, లోపల నీరు నిలుచు మూలలందును కొలిపింపవలెను. తుప్పు బయటినుండియే కాక లోపలినుండియు తినును.

కొయ్య పడవయైనచో సన్నని కత్తిమొనతో పలకల అతుకులను, వెన్నుదూలమును పొడిచి చూడవలెను. మంచి టేకు మొనను దిగనీయదు. పుచ్చినది వెన్నవలె దిగనిచ్చును. వర్షపునీరు చొరబడు పైకప్పు అంచులలో పుచ్చు మొదలగును. ఫైబరు పడవయైనచో అడుగున పొక్కులున్నవా, పగుళ్లున్నవా యని చూడవలెను. పొక్కు నొక్కినపుడు పుల్లని వాసనగల నీరు వచ్చినచో, తేమ లోపలికి దిగినదని తెలియును. అది వెంటనే ముంచునది కాకపోయినను, బాగుచేయించుట మిక్కిలి ఖర్చుతో కూడిన పని. ఉప్పునీటిలో తిరిగిన పడవయైనచో యంత్రమును, ఇనుప భాగములను రెట్టింపు శ్రద్ధతో చూడవలెను.

పంకాయిరుసును చేతితో పట్టి ఊపుడు. అటునిటు కదలినచో దాని ఆధారములు అరిగినవి. చుక్కానిని కొసవరకు త్రిప్పించి చూడుడు.

అన్నిటికంటె ముఖ్యమైనది మరియొకటి. పై యంతస్తు పడవతో పుట్టినదా, తరువాత కట్టినదా యని అడుగవలెను. బిందెలు మోయు ఆడుదానికి ఈ శాస్త్రము తెలియును. అడుగుబిందె పెద్దది, పైచెంబు చిన్నది కావలెను. పైన బరువు పెరిగినకొలది తల తూలును. పడవయు అంతియే. విహారమునకు వచ్చినవారందరును కొండలను చూచుటకు పైకెక్కుదురు, ఒకే ప్రక్కకు చేరుదురు. దానిని తట్టుకొను పడవయా, కాదా యను సంగతి కంటితో చూచి చెప్పదగినది కాదు. పడవల నిర్మాణము తెలిసిన నిపుణుడు కొలిచి చెప్పవలెను. ఆ నిపుణుడు మన ఖర్చుమీద మన పక్షమున వచ్చినవాడు కావలెను గాని, అమ్మువారు తెచ్చినవాడు కారాదు.

యంత్రమును, వంటగదిని చూచుట

మేము వచ్చువరకు యంత్రమును నడుపవద్దని ముందే చెప్పియుంచవలెను. పోగానే దానిపై చేయివేసి చూడుడు. వెచ్చగా నున్నచో, చల్లని వేళ కదలని రోగమును దాచుటకు ముందే నడిపియుండవచ్చును. నూనెకడ్డీని తీసి చూడుడు. నూనె మజ్జిగవలె తెల్లబడియున్నచో అందు నీరు కలసినది. నడిపించినపుడు పొగరంగు చూడుడు. నల్లపొగ యైనచో ఇంధనము సరిగా మండుటలేదు. నీలిపొగ యైనచో నూనె మండుచున్నది. తెల్లపొగ మొదట కొంచెము వచ్చి ఆగినచో దోషము లేదు. ఆగనిచో నీరు లోపలికి చేరుచున్నదేమో విచారింపవలెను. యంత్రమును చల్లార్చు నీరు బయటికి ధారగా వచ్చుచున్నదో లేదో చూడుడు.

వంటగదిని మనవంటివారు చూచు చూపు వేరుగా నుండవలెను. వంటగ్యాసు గాలికంటె బరువైనది. ఇంటిలో కారినచో గుమ్మము క్రిందుగా బయటికి పోవచ్చును. పడవ అడుగు మూసిన తొట్టివంటిది. అందు కారిన గ్యాసు అడుగునచేరి నిలిచియుండును. ఒక్క నిప్పురవ్వ చాలును. పెట్రోలు ఆవిరియు నిట్టిదే. కావున గ్యాసుబండ గదిలో నుండరాదు. పైతట్టున, బయటివైపునకు రంధ్రమున్న పెట్టెలో నుండవలెను. గొట్టము క్రొత్తది కావలెను. నీటిని తోడిపోయు పంపు, నిప్పునార్పు సాధనము ఉన్నవా యని చూచి, పనిచేయించి చూడవలెను. మూసిన గదిలో బొగ్గులకుంపటి ఎన్నడును పెట్టరాదు. దానినుండి పుట్టు వాసనలేని విషవాయువు నిద్రలోనే ప్రాణము తీయును.

నీటిపై నడిపి చూచుట

ఒడ్డుపైన బాగున్న పడవను నీటిలో దింపి, ఒక గంట సేపు నడిపింపవలెను. ఎంతమందితో తిరుగదలచితిరో అంత బరువును, బియ్యపుబస్తాలతోనైనను సరే, ఎక్కించి నడిపింపుడు. బరువు ఒక ప్రక్కకు చేరినపుడు ఎంత ఒరుగునో, తిరిగి ఎంత త్వరగా నిలుచునో చూడుడు. బయలుదేరకముందు అడుగుపలక నెత్తి లోపల నీరెంత యున్నదో గుర్తుపెట్టుకొనుడు. తిరిగివచ్చిన పిదప మరల చూడుడు. ఇరుసు బయటికి పోవు చోట నడచునపుడు చుక్కచుక్కగా పడుట కొన్ని పడవలలో సహజము. ధారగా వచ్చుట సహజము కాదు.

కాగితములు

దేశపు లోతట్టు జలములలో తిరుగు యంత్రపు పడవలకు 1917 నాటి చట్టము పోయి, 2021లో క్రొత్త లోతట్టు నౌకల చట్టము వచ్చినది. పడవ తనిఖీ పత్రము, రిజిస్ట్రేషను, భీమా, నడుపువారి యోగ్యతాపత్రము అను నాలుగింటిని ఆ చట్టము ప్రకారము చూడవలెను. తనిఖీ పత్రములో ఎందరు ప్రయాణికులని వ్రాసియున్నదో, ఏ జలములలో తిరుగవచ్చునని యున్నదో చదువుడు. రిజిస్ట్రేషను మన పేరునకు మారనిదే పూర్తి సొమ్ము చెల్లింపరాదు. పడవపై అప్పు లేదని వ్రాతమూలముగా తీసికొనవలెను. బయానా ఇచ్చునపుడే, ఒడ్డుకు తీసి చూచినపుడు దోషము కనబడినచో బయానా తిరిగి ఇయ్యవలెనని వ్రాయించుకొనుడు. మేము చేయనిది ఇదియే.

ఇవి అధికారుల చాదస్తములని తలచువారికి రెండు దినములను జ్ఞాపకము చేయుదుము. 2017 నవంబరు 12వ తేదీన, కార్తికమాసమున, విజయవాడ చెంత పవిత్రసంగమముకడ కృష్ణలో పడవ బోల్తాపడి ఇరువదిమందికి పైగా మరణించిరి. ఆ పడవకు అక్కడ తిరుగుటకు అనుమతి లేదు. 2019 సెప్టెంబరు 15వ తేదీన గోదావరి వరదలో పాపికొండలకు బయలుదేరిన పడవ కచ్చులూరు చెంత మునిగెను. అందున్న 77 మందిలో 26 మంది మాత్రమే బ్రతికి బయటపడిరి. నదిగర్భమునుండి ఆ పడవను కాకినాడవారగు ధర్మాడి సత్యము బృందమువారు 38 దినముల పిదప వెలికి తీసిరి. అందులో పోయినవారును మనవలె పిల్లలకు ఫలహారములు కట్టుకొని, నవ్వుచు బయలుదేరినవారే. పడవ మంచిదైనను, వరదనీటిలో బయలుదేరరాదని చెప్పు ధైర్యము గలవారు ఇంటికొకరుండవలెను.

లైఫుజాకెట్టులు పడవలో మూటకట్టి యుండుట చాలదు. బయలుదేరకముందే ప్రతివారి ఒంటిమీద నుండవలెను. పెద్దల జాకెట్టు పిల్లవాని తలమీదుగా జారిపోవును గనుక, పిల్లలకు వారి కొలతవి వేరుగా కావలెను. నీటిలో పడినపుడు చీరకుచ్చెళ్లు కాళ్లకు చుట్టుకొనును. పడవ ప్రయాణమునకు పోవు స్త్రీలు ఆనాటికి సల్వారు వంటి దుస్తులు ధరించుట మంచిది. దీనిని అత్తగారలు తప్పుపట్టరాదని మా మనవి.

ధర్మవరపు సోదరికి మా సమాధానము

అమ్మా, మీ కోరిక తప్పు కాదు. ఇసుకను చూచి పెరిగినవారికి నీటిపై మమకార మెక్కువ. కాని మీరు చూచిన పడవ గోదావరికి తగినదైనచో మన జలాశయములకు తగదు. సంవత్సరములో నాలుగు దినములు గోదావరిపై తిరుగుటకు పడవను కొని, తక్కిన దినములు ఎక్కడనో రేవులో కట్టివేసి, కాపలాకును, రంగుకును, భీమాకును చెల్లించుచుండుట మూడు కుటుంబములకు భారము. నిలిచియున్న పడవ తిరుగు పడవకంటె త్వరగా చెడును. మా సలహా యిది. ఈ కార్తికమున తనిఖీ పత్రము గల పడవను అద్దెకు తీసికొని పాపికొండలకు పోయిరండు. దానికి ముందు పార్నపల్లె చెంతనున్న చిత్రావతి జలాశయమునకు ఒక దినము పోయి, పిల్లలు నీటిపై ఎట్లుందురో చూడుడు. అచ్చట 2022 డిసెంబరులో పర్యాటకుల పడవలరేవును తెరచియుండిరి. పడవలు తిరుగుచున్నవో లేవో ముందుగా విచారించి పోవుడు. ఆ పిమ్మటను కోరిక నిలిచినచో, చిన్నదియు చదునైనదియు నగు పడవను చూడుడు.

ఒకవేళ ఇప్పటి బేరమునే సాగింపదలచినచో, అమ్మువారికి మూడు మాటలు వ్రాసి పంపుడు. పడవను ఒడ్డుకు తీయవలెను. మా నిపుణుడు చూడవలెను. కాగితములన్నియు ముందు చూపవలెను. మంచి సరుకు గలవారు ఈ మూటికిని వెనుదీయరు. వెనుదీసినచో మీకు సమాధానము దొరకినట్లే.

ఇంటిలో మగవారందరును సరే యన్నారని వ్రాసినారు. సొమ్ము మీ మువ్వురి చేతిమీదుగా పోవలెననియు వ్రాసినారు. సొమ్ము మీ చేతినున్నది గనుక, వలదనుటయు మీ చేతనే యున్నది. మూడేండ్ల క్రిందట ఆ మాట అనుటకు మాకు సిగ్గువేసినది. రేవులోని ఆ ముసలి సరంగు పిలిచి చెప్పకపోయినచో ఏమి జరిగియుండునో తలచుకొన్నపుడు నేటికిని మాకు నిద్రపట్టదు. సిగ్గుపడకుడు, అమ్మా. అడుగు చూడక బయానా ఇయ్యకుడు.